'ఒప్పుకొనుట', 'చెప్పుకొనుట': పాపాన్ని నోట పలికే పనికి తెలుగు మాట

దేవరకొండ సభ్యురాలి ప్రశ్న

గౌరవ సభ్యులకు నమస్కారం. నేను అనువదిస్తున్న ఒక కథలో ఒక ముసలి తల్లి, ఎవరూ అడగకుండానే, ఎవరికీ అనుమానమైనా లేని పాత తప్పును ఒక గురువు దగ్గరకు వెళ్లి చెబుతుంది. మూలంలో 'కన్ఫెషన్' అని ఉన్నది. 'ఒప్పుకోలు' అని రాస్తే ఆమెను ఎవరో నిలదీసినట్టు ధ్వనిస్తున్నది. 'నేరాంగీకారం' అంటే పోలీసు ఠాణా గుర్తుకు వస్తున్నది. 'ప్రాయశ్చిత్తం' అంటే ఆ తరువాత చేయవలసిన పని అవుతున్నది. మన నల్గొండ, పాలమూరు వాడుకలో దీనికి సరిపోయే మాట ఉంటే దయచేసి తెలుపగలరు.

నల్గొండ నుంచి సమాధానం

అమ్మా, మీ ఇబ్బంది న్యాయమైనది. 'ఒప్పుకొను' అనే క్రియలో మీరు విన్న ఆ నిలదీత ఆ మాట పుట్టుకలోనే ఉన్నది. 'ఒప్పు' అంటే పొసగడం, తగి ఉండడం. పాత కావ్యభాషలో అందగించడం అనే అర్థం కూడా ఉన్నది. ఒప్పందం, తప్పొప్పులు, 'ఒప్పులకుప్ప' అన్నీ ఆ ధాతువు చుట్టూ ఉన్నవే. దానికి 'కొను' చేరితే, ఎదుటివారు ముందుగా పెట్టిన ఒక మాటతో తన మాటను పొసగించుకోవడం అనే అర్థం వస్తుంది. 'పిల్ల సంబంధానికి ఒప్పుకున్నది', 'ఆ ధరకు రైతు ఒప్పుకోలేదు', 'దొంగతనం ఒప్పుకున్నడు' అనే మూడు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మూడింటిలోనూ ఎవరో ఒకరు ముందే ఏదో అడిగి ఉన్నారు, లేదా ఏదో మోపి ఉన్నారు. అడగనిదానికి ఒప్పుకోవడం తెలుగులో కుదరదు. తమిళంలోని 'ఒప్పుక్కొళ్', కన్నడంలోని 'ఒప్పికొళ్ళు' కూడా ఇదే తీరుగా నడుస్తాయి కనుక, ఇది ఒక్క తెలుగువారి అలవాటని అనలేము.

మన ప్రాంతంలో దీనికి సరిజోడుగా నిలిచిన మరొక మాట 'కబూల్'. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ కావడం వల్ల జుర్మానా, ఫైసలా, పంచనామా వంటి మాటలతో పాటు ఇది కూడా పల్లెల దాకా దిగింది. 'పంచాయతిల కబూల్ చేసిండు' అని మన పెద్దలు ఇప్పటికీ అంటారు. నికాహ్ వేళ పెండ్లికొడుకును, పెండ్లికూతురును అడిగినప్పుడు వారు పలికే సమ్మతి మాట కూడా ఇదే. పెండ్లికీ నేరానికీ ఒకే క్రియను వాడుకోవడంలో తెలుగు 'ఒప్పుకొను', ఉర్దూ 'కబూల్' ఇంత దగ్గరగా నడవడం గమనించదగినది. రెండు చోట్లా ప్రశ్న ముందు, జవాబు తరువాత. ఉర్దూ న్యాయభాషలో నేరాంగీకారానికి ఉన్న 'ఇక్బాల్' అనే మాట కూడా 'కబూల్' పుట్టిన అరబ్బీ ధాతువు నుంచే వచ్చింది.

ఇక మతాచారంలోని మాటల సంగతి. తెలుగు బైబిలు చదివేవారికి 'ఒప్పుకొను' ఎంతో పరిచితం. యోహాను మొదటి పత్రిక మొదటి అధ్యాయం తొమ్మిదవ వచనంలో 'మన పాపములను మనము ఒప్పుకొనినయెడల' అని ఉన్నది. రోమా పత్రిక పదవ అధ్యాయంలో 'యేసు ప్రభువని నీ నోటితో ఒప్పుకొని' అని ఉన్నది. పాపాన్ని ఒప్పుకోవడానికీ విశ్వాసాన్ని ప్రకటించడానికీ ఒకే క్రియను వాడడం కొత్తగా చదివేవారికి వింతగా తోచవచ్చు గాని, గ్రీకు మూలంలో రెండు చోట్లా ఉన్నది 'హోమోలోగెయో' అనే ఒకే క్రియ. దాని అవయవార్థం 'అదే మాట అనడం'. దేవుడు ఏది నిజమని చూస్తున్నాడో దానినే మనిషి తన నోటితో అనడం అన్నమాట. కాబట్టి అనువాదకులు 'ఒప్పు' అనే ధాతువును పట్టుకోవడం గొప్ప ఎంపిక అని నా అభిప్రాయం. ముప్పై రెండవ కీర్తనలో 'నా దోషమును కప్పుకొనక నీ యెదుట నా పాపము ఒప్పుకొంటిని' అనే పాదం ఉన్నది. కప్పుకొనడం, ఒప్పుకొనడం అనే రెండు క్రియలు అక్కడ ఎదురెదురుగా నిలబడి ఇచ్చే బలం మరే మాటతోనూ రాదు. ఆ చోట 'ఒప్పుకొను' చక్కగా పొసగడానికి కారణం, దేవునికి ఆ దోషం ముందే తెలుసు అనే భావం. అడిగేవాడు కనబడకపోయినా ఉన్నాడు. మీ కథలోని తల్లి పరిస్థితి వేరు. ఆమె చెప్పేదాకా ఆ గురువుకు ఏమీ తెలియదు.

కతోలిక క్రైస్తవులలో ఈ సంస్కారానికి 'పాపసంకీర్తనం' అనే పేరు స్థిరపడింది. 1976లో నల్గొండ కేంద్రంగా ప్రత్యేక మేత్రాసనం (ఒక బిషప్పు పాలన కింది ప్రాంతం) ఏర్పడిన మన జిల్లాలో ఈ మాట వినని కతోలిక కుటుంబం ఉండదు. తమిళ కతోలికులు కూడా ఇదే మాటను తమ ఉచ్చారణలో వాడుతారు. ఇతర సభ్యులు కొందరు దీనిని చూసి, పాపాలను కీర్తించడమేమిటని ఆశ్చర్యపోతారు. మనకు సంకీర్తన అనగానే అన్నమయ్య, భజన, తాళం గుర్తుకు రావడమే దానికి కారణం. సంస్కృతంలో 'కీర్తనం' అంటే మొదటి అర్థం పేర్కొనడం, చెప్పడం; 'సం' అనే ఉపసర్గ ఆ చెప్పడం పూర్తిగా, ఏదీ వదలకుండా జరగాలని సూచిస్తుంది. పాపాలను ఒక్కొక్కటిగా పేరుపెట్టి చెప్పడం అని దీని భావం. ఆ సంస్కారం నడిచే తీరుకు ఇంతకంటె సరిపోయే మాట దొరకదు. అందులో ముందు మనిషి తన అంతరాత్మను తానే పరిశోధించుకుంటాడు, పశ్చాత్తాపపడతాడు, ఆపైన గురువు చెవిలో తన పాపాలను చెప్పుకొంటాడు. గురువు చేయవలసిన ప్రాయశ్చిత్తాన్ని నిర్ణయించి, పాపవిమోచనం పలుకుతాడు. విన్నదానిని గురువు ఎప్పటికీ బయటపెట్టకూడదు. ఏడాదికి ఒకసారైనా ప్రతి విశ్వాసీ ఇలా చెప్పుకోవాలని 1215లో జరిగిన కతోలిక సంఘపు నాలుగవ లాతరాను మహాసభ శాసించింది. దీనిని బట్టి మీరు వద్దన్న 'ప్రాయశ్చిత్తం' అనే మాట ఎందుకు కుదరదో కూడా తేలుతున్నది: ఇక్కడ దానిని చేయడం చివరి అంగం మాత్రమే.

కీర్తనకూ పాపానికీ పొత్తు కుదరదని అనుకునేవారు మరొకటి తెలుసుకోవాలి. కీర్తనల గ్రంథం పుట్టిన హీబ్రూ భాషలో 'యాదా' అనే ఒకే ధాతువు నుంచి దేవుని స్తుతించడం, పాపాన్ని ఒప్పుకోవడం అనే రెండు అర్థాలూ వచ్చాయి. తెలుగు మాట తెలిసి చేసిందో తెలియక చేసిందో గాని, ఆ రెండింటినీ ఒకే పదంలో మళ్లీ కలిపింది.

మీ కథలోని గురువు కతోలిక గురువైతే, మరో ఆలోచన లేకుండా 'పాపసంకీర్తనం' అని రాయవచ్చు. ఆయన మరొకరైతే, మన పల్లెలలో రోజూ పలికే ఒక మామూలు క్రియ వైపు చూడమని నా మనవి. అది 'చెప్పుకొను'.

'చెప్పు' అనే క్రియ సమాచారాన్ని ఇస్తుంది. 'చెప్పుకొను' మనిషిని ఇస్తుంది. 'పక్కింటి సంగతి చెప్పిండు' అంటాము, 'తన బాధ చెప్పుకున్నడు' అంటాము. ఇక్కడ 'కొను' చేసే పని చాలా సూక్ష్మమైనది. వండు, వండుకొను, కట్టు, కట్టుకొను, దిద్దు, దిద్దుకొను అనే జంటలలో ఫలం చేసేవారికే చేరుతుందని వ్యాకరణం చెబుతుంది. చెప్పుకోవడంలో చెప్పేవారికి చేరే ఫలం ఏమిటి? వినేవారికి ఒక సంగతి తెలియడం చిన్న విషయం. చెప్పినవారి గుండె బరువు దిగడం అసలు ఫలం. తప్పుకు సంబంధించిన మన క్రియలలో చాలావాటికి ఈ 'కొను' అంటి ఉండడం చూడండి: ఒప్పుకొను, చెప్పుకొను, చెంపలు వేసుకొను, దిద్దుకొను, వేడుకొను. ఈ మధ్య విరివిగా వినబడుతున్న 'క్షమాపణ చెప్పు'కు అది లేదు. నాకు ఆ పలుకుబడి ఎప్పుడూ పొడిగా తోచడానికి అదే కారణమేమో.

'చెప్పుకుంటే మానం పోతది, చెప్పుకోకుంటే పానం పోతది' అని మన వైపు సామెత. లోపల దాచుకున్న దాన్ని బయటపెట్టే ముందు మనిషి పడే నలుగుబాటు అంతా ఈ ఒక్క వాక్యంలో ఉన్నది. ఇందులో నిలదీసేవారు లేరు. సిగ్గు ఒక వైపు, ప్రాణం ఒక వైపు లాగుతుంటే మనిషి తానే తేల్చుకోవాలి. మీ కథలోని ముసలి తల్లి సరిగ్గా ఈ స్థితిలోనే ఉన్నదని నాకు అనిపిస్తున్నది.

వినేవారెవరనేది ఈ క్రియకు ప్రాణం. 'ఎవరికి చెప్పుకోను?' అనే మాట తెలుగువారి నోట ఎన్ని సార్లు వచ్చి ఉంటుందో! జాన్‌పహాడ్ దర్గాకు హిందువులూ ముస్లిములూ కలిసి వెళ్లి పీరుకు చెప్పుకొంటారు. చెర్వుగట్టు ఎక్కి జడల రామలింగేశ్వరునికి చెప్పుకొంటారు. పుట్టింటికి వచ్చిన బిడ్డ తల్లికి చెప్పుకొంటుంది. వీటన్నిటిలో 'కు' అనే విభక్తి ఎదుటివారిని ఆశ్రయంగా నిలబెడుతున్నది. అదే క్రియకు 'మీద' చేరితే అర్థం తలకిందులవుతుంది: 'నా మీద సారుకు చెప్పిండు' అంటే నా తప్పును వాడు బయటపెట్టాడని. ఒకరి మీద చెప్పడం అభియోగం, ఒకరికి తన తప్పు చెప్పుకోవడం ఆశ్రయం కోరడం. ఇంత స్పష్టమైన భేదాన్ని విభక్తులతోనే చూపగలిగిన భాషలో, దానికి మాట లేదని మనం అనుకోకూడదు.

ఈ క్రియకు ఒక బలహీనత ఉన్నది, అది కూడా చెప్పాలి. 'చెప్పుకొను' ఒక్కటే వాడితే తప్పు అనే అర్థం రాదు. కష్టమూ చెప్పుకొంటాము, గొప్పలూ చెప్పుకొంటాము. 'ఊరంతా చెప్పుకుంటున్నరు' అంటే వదంతి. కాబట్టి దీనికి ముందు కర్మపదం తప్పనిసరి: తప్పు చెప్పుకొను, పాపం చెప్పుకొను.

ఇది కేవలం పల్లెపలుకు అని తీసివేయడానికి వీలు లేదు. మన ధర్మశాస్త్ర సంప్రదాయం నిలబెట్టిన భావం కూడా ఇదే. మనుస్మృతి పదకొండవ అధ్యాయంలో పాపం నుంచి విడుదల పొందే మార్గాలను చెబుతూ 'ఖ్యాపనేనానుతాపేన తపసాఽధ్యయనేన చ' అన్నారు. ఖ్యాపనం అంటే తెలియజెప్పడం. అనుతాపం, తపస్సు, అధ్యయనం దాని తరువాతనే వచ్చాయి. ఆ వెంటనే ఉన్న శ్లోకం మరింత ముఖ్యమైనది: 'యథా యథా నరోఽధర్మం స్వయం కృత్వానుభాషతే, తథా తథా త్వచేవాహిస్తేనాధర్మేణ ముచ్యతే'. మనిషి తాను చేసిన అధర్మాన్ని తానే ఎంతెంత చెప్పుకొంటాడో, పాము కుబుసం నుంచి బయటపడినట్టు అంతంత దాని నుంచి బయటపడతాడని భావం. 'అనుభాషతే' అన్నదానికి తెలుగు చేయవలసి వస్తే నేను 'చెప్పుకొంటాడు' అనే అంటాను. 'ఒప్పుకొంటాడు' అని చేస్తే ఎవరో అడిగారనే భావం అనవసరంగా వచ్చి చేరుతుంది.

అడిగి చెప్పించే పద్ధతి కూడా వైదిక కర్మలో లేకపోలేదు. చాతుర్మాస్య యాగాలలో ఒకటైన వరుణప్రఘాసంలో యజమాని భార్యను ఋత్విజుడు ఎదురుగానే ప్రశ్నిస్తాడు, ఆమె దాచకుండా చెప్పాలి. ఆ సందర్భంలో యజ్ఞవిధులను వివరించే వైదిక గ్రంథమైన శతపథ బ్రాహ్మణం 'నిరుక్తం వా ఏనః కనీయో భవతి, సత్యం హి భవతి' అన్నది. పలికిన పాపం చిన్నదవుతుంది, ఎందుకంటే అది సత్యమవుతుంది. మన వాఙ్మయంలో ఈ విషయం మీద ఇంతకంటె లోతైన వాక్యం నేను చదవలేదు. చేసిన పని మారదు. అయితే దాని మీద ఉన్న అబద్ధపు పొర తొలగిపోవడం వల్లనే దాని బరువు తగ్గుతుందని ఆ ఋషి గుర్తించాడు. దీనికి భిన్నంగా, మనం ప్రదక్షిణం చేస్తూ చదివే 'పాపోఽహం పాపకర్మాఽహం' అనే శ్లోకంలో ఏ ఒక్క పాపానికీ పేరు లేదు. సంధ్యావందనంలో 'మనసా వాచా హస్తాభ్యాం' అని మనస్సు, మాట, చేతులు, కాళ్లు అంటూ పాపం చేసిన అంగాలను లెక్కపెడతారు గాని, అక్కడా పాపానికి పేరు రాదు. ఇది అందరూ కలిసి చెప్పదగిన నివేదన. మీ కథకు కావలసింది పేరుపెట్టి చెప్పేది.

మన నేల మీద బతికిన మరో రెండు సంప్రదాయాల మాటలు కూడా మీ పనికి ఉపకరించవచ్చు. ఆలేరు దగ్గరి కొలనుపాక నేటికీ జైన యాత్రాస్థలం. జైనులు తాము చేసిన దోషాన్ని గురువు ముందు విప్పి చెప్పడాన్ని 'ఆలోచన' అంటారు. దోషం నుంచి వెనక్కి మరలడం 'ప్రతిక్రమణం'. మనం తలపోత అనే అర్థంలో రోజూ వాడే 'ఆలోచన'కు మూలంలోని 'లోచ్' ధాతువుకు చూడడం అని అర్థం. సూర్యాపేట జిల్లా ఫణిగిరి కొండ మీద విహారాలు కట్టుకొని ఉన్న బౌద్ధ భిక్షువుల వినయ నియమంలోనూ ఇదే చూపు ఉన్నది. ఒక భిక్షువు తన అతిక్రమణను మరొకరికి చెప్పుకొన్నప్పుడు, విన్నవాడు 'పస్ససి ఆవుసో', అంటే 'చూస్తున్నావా, మిత్రమా' అని అడుగుతాడు. చెప్పినవాడు 'ఆమ పస్సామి', 'అవును, చూస్తున్నాను' అంటాడు. ఇకముందు నిగ్రహంతో ఉండమని విన్నవాడు పలుకుతాడు. అంతటితో పూర్తి. వర్షావాసం (భిక్షువులు వానకాలంలో ఒకే చోట ఉండడం) ముగిసిన రోజున మాత్రం ప్రతి భిక్షువూ, నాలో మీరు చూసినది గాని, విన్నది గాని, అనుమానించినది గాని ఉంటే చెప్పండని సంఘాన్ని తానే వేడుకొంటాడు. ఆ రోజు మాట ఇతరులది, ఒప్పుకోవడం అతనిది. చెప్పుకోవడమూ ఒప్పుకోవడమూ వేరు వేరు పనులని రెండు వేల ఏండ్ల కిందటే గుర్తించి, రెండింటికీ వేరు వేరు పద్ధతులు పెట్టిన వ్యవస్థ అది.

ఇస్లాంలోని 'తౌబా' ఈ చర్చలోకి రావలసినదే గాని, మీ వాక్యానికి సరిపోదు. ఆ మాటకు మూలార్థం మరలడం. మనిషికీ అల్లాకూ మధ్య మరో మనిషి చెవి అక్కడ అవసరం లేదు. తన పాపాన్ని లోకానికి చాటడం మంచిది కాదని కూడా ధర్మజ్ఞులు చెబుతారు. అయితే ఒకరి సొమ్ము తిన్నా, ఒకరి హక్కుకు భంగం కలిగించినా, అది వారికి తిరిగి చేర్చకుండా తౌబా పూర్తికాదు. మన ఊళ్లలో ఏ మతంవారైనా చెవులు పట్టుకొని 'తోబ తోబ' అనడం ఈ మాట ఎంత లోతుగా దిగిందో చూపుతుంది.

నల్గొండ న్యాయవాది ఒకరి అభ్యంతరం

పై సమాధానం బాగున్నది. కాని 'ఒప్పుకొను'లో బలవంతం ధ్వనిస్తుందన్న మాటతో ఏకీభవించలేను. చట్టం దృష్టిలో స్వచ్ఛందం కానిది ఒప్పుకోలే కాదు. పోలీసు అధికారి ఎదుట చెప్పినదానిని నిందితునిపై రుజువుగా వాడరాదని 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షను చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షనులోనూ అదే నియమం ఉన్నది. మేజిస్ట్రేటు సైతం, నీవు చెప్పి తీరాలన్న నిర్బంధం లేదని, చెబితే నీపైనే వాడవచ్చునని ముందు హెచ్చరించి, ఇష్టపూర్వకంగానే చెబుతున్నాడని నమ్మిన తరువాతనే నమోదు చేయాలి. అందువల్ల ఆ మాటలో స్వేచ్ఛ ఉన్నదనే మేము భావిస్తాము.

సమాధానం

వకీలు గారూ, మీరు చూపిన నియమాలు ఎంతో విలువైనవి. బలవంతం అనే మాట నేను వాడలేదు; ముందు ఒక అభియోగం ఉంటుందని మాత్రమే అన్నాను. అభియోగం ఉన్న చోట భయానికీ ఆశకూ తావుంటుంది. కాబట్టే చట్టం ఇన్ని జాగ్రత్తలు తీసుకొని, ఆ జవాబు స్వేచ్ఛగా వచ్చిందో లేదో విచారిస్తున్నది. ఏ నిందితుడినీ తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పుమని నిర్బంధించరాదని రాజ్యాంగం 20వ అధికరణం మూడవ ఖండం హామీ ఇవ్వడమూ అందుకే. ఎవరూ అడగకుండా తల్లి దగ్గర కూర్చొని తప్పు చెప్పుకొన్న కొడుకు విషయంలో ఇటువంటి జాగ్రత్త ఎవరికీ తట్టదు.

మీ వల్ల మరో సంగతి గుర్తుకు వచ్చింది. 'పోలీసుల విచారణలో నిందితుడు నేరం ఒప్పుకున్నాడు' అని పత్రికలలో రోజూ చదువుతున్నాము. ఆ ఒక్క వాక్యంతో చదివేవారు ఆ మనిషిని దోషిగా తేల్చివేస్తారు. న్యాయస్థానంలో ఆ మాటకు విలువ లేదన్న సంగతి వాక్యంలో ఎక్కడా కనబడదు. 'ఒప్పుకొన్నట్టు పోలీసులు తెలిపారు' అని రాస్తే, ఆ మాట ఎవరిదో, ఎవరి నోటి మీదుగా మనకు చేరిందో స్పష్టమవుతుంది. భాషాభిమానులుగా మనం విలేకరులను ఈ ఒక్క క్రియాపదం విషయంలో జాగ్రత్త పడమని కోరవచ్చు. దీని మీద ఒక మనిషి పరువు ఆధారపడి ఉంటుంది.

మహబూబ్‌నగర్ సభ్యుని ప్రశ్న

మా వైపు బోనాలప్పుడు శివసత్తి (అమ్మవారు పూనే స్త్రీ) శిగమూగి, అంటే పూనకం వచ్చి, నన్ను ఎందుకు మరిచిండ్రని అడిగితే, ఇంటివారు 'తప్పైంది తల్లీ' అని చెంపలు వేసుకొంటారు. ఇది ఒప్పుకోవడమా, చెప్పుకోవడమా?

సమాధానం

అయ్యా, అక్కడ తల్లి అడుగుతున్నది కనుక అది ఒప్పుకోవడమే. కాని మీరు ఉదాహరించిన 'తప్పైంది' అనే రూపం మీద కొంచెం ఆగవలసి ఉన్నది. ఆ వాక్యంలో కర్త లేడు. తప్పు దానంతట అదే అయినట్టు ఉన్నది. మన వైపు దీనికి మూడు మెట్లు వినబడుతాయి. 'తప్పైంది' అన్నప్పుడు తప్పు జరిగిన మాట నిజమని అంగీకరిస్తాము, చేసినవారి పేరు రాదు. 'నాతోని తప్పైంది' అన్నప్పుడు మనిషి వాక్యంలోకి వస్తాడు గాని, ఇంకా కర్తగా నిలబడడు. దక్కనీ ఉర్దూలో 'మేరేసే గల్తీ హుయీ' అనడం సరిగ్గా ఇదే అచ్చు. 'నేను తప్పు చేసిన' అన్నప్పుడే మనిషి కర్త స్థానంలో నిలబడతాడు. మొదటి మాట ఎన్ని సార్లయినా సులభంగా వస్తుంది. మూడవ మాట నోట రావడానికి కొందరికి ఏండ్లు పడుతుంది.

దీని వల్ల మొదటి రూపం తక్కువదని నేను అనను. ఇంటిల్లిపాదీ మొక్కు మరిచినప్పుడు, ఆ మరుపు ఎవరిదని ఒకరి మీద మోపకుండా అందరి తరఫున తలవంచడానికి 'తప్పైంది తల్లీ' కంటె మర్యాదైన వాక్యం లేదు. కులపెద్దల ముందు దండుగ కట్టించినప్పుడు వినబడే 'తప్పైంది' వేరు. అక్కడ చాలా సార్లు తప్పు లేనివారు కూడా ఊరి ఒత్తిడికి ఆ మాట అనవలసి వచ్చింది. అటువంటిదానిని ఒప్పుకోలు అని కూడా పిలవకూడదు.

దేవరకొండ సోదరికి తిరిగి

మీ వాక్యానికి నా సూచన ఇది: 'ఆమె గురువుగారి ఎదుట కూర్చొని, ఇన్నేండ్లూ ఎవరికీ తెలియనియ్యని తన తప్పు చెప్పుకొన్నది.' నామవాచకమే కావలసిన చోట 'తప్పు చెప్పుకోవడం' అని విడదీసి రాయండి. 'ఒప్పుకోలు' పోలికతో 'చెప్పుకోలు' అని కొత్త మాట కట్టవచ్చునని ఒక మిత్రుడు అన్నారు. వీడుకోలు, ఒప్పుకోలు వంటివి ఉన్నాయి కనుక వ్యాకరణం అడ్డుచెప్పదు గాని, పాఠకుడు ఆ మాట దగ్గర ఆగి ఆలోచించవలసి వస్తే ఆ తల్లి మీది నుంచి దృష్టి తప్పుతుంది. కథలో ఆమె మాటలను నేరుగా ఇచ్చే చోటు ఉంటే, మొదట 'తప్పైంది' అనిపించి, ఆ సన్నివేశం చివర 'నేనే చేసిన' అనిపించడం మూలానికి నప్పుతుందేమో చూడండి. మూలంలో ఆమె ఆ మాటను ఏ వాక్యరూపంతో మొదలుపెట్టిందో ఇక్కడ తెలిపితే, మిగతా సభ్యులు కూడా తమ ఊరి పలుకుతో సాయం చేయగలరు.